టన్ను కాయల టికెట్టు
(సంక్రాంతికి జరిగిన పూర్వ విద్యార్థుల స్వర్ణోత్సవ సమావేశంలో చేసిన ప్రసంగం)

 

అసోసియేషన్ వాళ్లు ఫోన్ చేసి, "నువ్వు హాలెండ్‌లో ఉన్నావు గదా, యూరప్ గురించి ఇరవై నిమిషాలు మాట్లాడు" అన్నారు. నాకు యూరప్ గురించి పెద్దగా తెలీదు. పదకొండేళ్లుగా ఆమ్‌స్టర్‌డామ్ పక్కన ఆమ్‌స్టెల్‌వీన్ అనే ఊర్లో ఉంటున్నాను. ఆఫీసు, ఇల్లు, పిల్లల బడి, వాన. అంతే. నేను యూరప్ చూసింది కిందటేడు ఏప్రిల్, మే నెలల్లో, మా అమ్మానాయనలు వచ్చినప్పుడే. కాబట్టి ఆ నలభై రోజుల గురించి చెబుతాను. ఇంకో మాట. మా నాయన కూడా ఈ బడి పూర్వ విద్యార్థే, ఎనిమిదో తరగతి దాకా. మీరు ఆయన్ని పిలవలేదు గానీ ఆయనే వచ్చి ఐదో వరుసలో కూర్చున్నాడు. నేను తప్పు చెబితే లేచి దిద్దుతాడు.

మాకు నాలుగెకరాల మామిడి తోట ఉంది. నూట అరవై చెట్లు, దాదాపు అన్నీ తోతాపురే. నేను రెండో తరగతిలో ఉన్నప్పుడు నాటినవి. నా ఫీజులు, హాస్టలు, మా చెల్లెలి పెళ్లి, అన్నీ ఆ కాయల మీదనే నడిచినాయి. తోతాపురి సంగతి మన జిల్లా వాళ్లకు చెప్పాల్సిన పని లేదు. తినే కాయ కాదు, గుజ్జు కాయ. బస్తాకెత్తి మండీలో అమ్ముకునేది తక్కువ, ట్రాక్టరుకెత్తి ఫ్యాక్టరీకి తోలేది ఎక్కువ. రేటు వాళ్లు చెప్పినంత.

మొదట వీసా సంగతి, ఎందుకంటే మీలో చాలామంది పిల్లలు బయట ఉన్నారు, రేపు మీకూ పనికొస్తుంది. షెంగెన్ వీసా ఒకటి తీసుకుంటే ఇరవై తొమ్మిది దేశాలు తిరగొచ్చు. 180 రోజుల్లో 90 రోజులు మించి ఉండకూడదు. పెద్దవాళ్లకు ఫీజు 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపడే ఇన్సూరెన్స్ ఉండాలి. ఇన్సూరెన్స్ కాగితం తీసుకునేటప్పుడు ముందే ఉన్న షుగరు, బీపీలకు వర్తిస్తుందా లేదా చిన్న అక్షరాలు చదవండి. మేం చదవలేదు. దేవుడి దయ వల్ల అవసరం పడలేదు.

కాగితాలన్నీ పట్టుకుని ఇద్దరూ చెన్నై పోయినారు. అమ్మ వేలిముద్రలు ఒక్క నిమిషంలో అయిపోయినాయి. నాయనవి రాలేదు. ముప్పై ఐదేండ్లు మామిడి సొన తగిలిన వేళ్లు. గీతలు అరిగిపోయి నున్నగా ఉంటాయి. అక్కడి అమ్మాయి తుడిచింది, తడిపింది, మళ్లీ తుడిచింది. ఐదో సారికి వచ్చినాయట. బయటికొచ్చి నాకు ఫోన్ చేసి, "రేషనంగట్లో గూడ ఇట్లే సతాయిస్తాదిరా. యూరప్ వాళ్లు గూడ మన డీలరు మాదిరే ఉండారు" అన్నాడు.

బెంగళూరు నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కు నేరు విమానం ఉంది. ఇంగ్లీషు రాని పెద్దవాళ్లకు వీల్‌చైర్ సాయం అడగండి. కాళ్లు బాగున్నా అడగండి. తోసుకుపోయే మనిషే ఇమ్మిగ్రేషన్ దాటించి మన చేతికి అప్పజెబుతాడు. అమ్మ ఒప్పుకుంది. నాయన ఒప్పుకోలేదు. అమ్మ కుర్చీలో కూర్చుని వస్తూంటే ఆ కుర్చీ తోసే అబ్బాయి వెనకాల బ్యాగు పట్టుకుని నడుచుకుంటూ వచ్చినాడు, అమ్మకు కాపలా వచ్చినట్టు.

సామాన్ల విషయంలో మాకొక గొడవ జరిగింది. బయటి దేశాల నుంచి యూరప్‌లోకి నెయ్యి, పాల వస్తువులు, మాంసం తేకూడదు. అమ్మ కాచిన నెయ్యి ఇంట్లోనే వదిలి రావాల్సి వచ్చింది. పండ్లు తేవాలంటే చీడపీడలు లేవని ప్రభుత్వ సర్టిఫికెట్ కావాలి. ఐదింటికి మాత్రం అక్కర్లేదు: అరటి, కొబ్బరి, పైనాపిల్, ఖర్జూరం, ఇంకొకటి దూరియన్ అని వాసనొచ్చే పండు. మామిడి ఆ ఐదింట్లో లేదు. నాయన మనవళ్ల కోసం తోటలో ముందుగా పండిన బేనీషాకాయలు నాలుగు తీసి పెట్టినాడు. నేను వద్దన్నాను. 2014లో మన మామిడి పండ్లలో పండు ఈగ కనబడిందని యూరప్ వాళ్లు మొత్తం దిగుమతే ఆపేసి, 2015లో గానీ తెరవలేదు. ఆ సంగతి చెప్పినా ఆయనకు నచ్చలేదు. "గుజ్జు పనికొస్తాది, పండు పనికిరాదా?" అన్నాడు. గుజ్జు వేడి చేసి, గాలి చొరని సంచుల్లో నింపి, రెండొందల కిలోల పైచిలుకు పట్టే డ్రమ్ముల్లో పెట్టి పంపిస్తారు. ఈగ బతకదు. ఇది ఆయనకు నాకంటే బాగా తెలుసు. అయినా అడిగినాడు.

వచ్చిన రెండో రోజు నుంచే లెక్క మొదలైంది. మొదట యూరోను రూపాయల్లోకి మార్చేవాడు. తర్వాత రూపాయలు వదిలేసి కాయల్లోకి దిగినాడు. కిలో పదిహేను రూపాయలని ఆయన పెట్టుకున్న లెక్క. టీ మూడున్నర యూరోలు, అంటే ఇరవై కిలోల పైన. ట్రామ్‌లో నాలుగు స్టాపులకు ఇంత. మా చిన్నోడికి ఐస్‌క్రీమ్ కొనిస్తే, "ఒక గంప తినేసినాడు" అనేవాడు. మొదట అందరం నవ్వినాం. వారం తర్వాత నేను నవ్వడం మానేసినాను.

ఏప్రిల్ కాబట్టి మొదట కోకెన్‌హాఫ్ పోయినాం. ట్యూలిప్ తోట. ఏడాదికి ఎనిమిది వారాలే తెరుస్తారు, దాదాపు డెబ్బై లక్షల గడ్డలు నాటుతారు. అమ్మ ఫోటోలు దిగింది. నాయన ఆ తోట కంటే బయట పొలాల దగ్గర ఎక్కువసేపు నిలబడినాడు. ఎందుకంటే అక్కడ ఒక యంత్రం వరుసగా పోతూ బాగా పూసిన పూల తలలన్నీ నరికి పొలంలోనే పడేస్తూంది. ఆయన మొహం చూడాలి మీరు. "వీళ్లకేం పిచ్చా?" అన్నాడు. నేను కనుక్కుని చెప్పినాను. ఆ రైతు అమ్మేది పువ్వు కాదు, గడ్డ. పువ్వు ఉంటే బలమంతా విత్తనానికి పోతుంది. తల తీసేస్తే గడ్డ ఊరుతుంది. ఆయన కాసేపు ఆలోచించి, "సరే, గడ్డకోసమా" అని శాంతించినాడు. 1637లో ఈ గడ్డలకే ఒక్కోదానికి మంచి ఇంటి ధర పలికి, ఫిబ్రవరిలో ఉన్నట్టుండి కొనేవాడు లేక పడిపోయిందని కూడా చెప్పినాను. దానికి ఆయన పెద్దగా ఆశ్చర్యపోలేదు. "తోతాపురి మాదిరే" అన్నాడు.

మే మొదట్లో పిల్లల సెలవుల్లో రైలెక్కినాం. ప్యారిస్ గురించి చెప్పను, అందరూ చూసిందే, మా వాళ్లకు నడక ఎక్కువైంది. పెద్దవాళ్లతో పోయేవాళ్లు రోజుకు ఒక్క చోటు పెట్టుకోండి, మధ్యాహ్నం పడుకోనివ్వండి. మేం మూడు చోట్లు పెట్టుకుని చెడిపోయినాం.

కొలోన్ మాత్రం చెప్పాలి. జర్మనీలో రైన్ నది ఒడ్డున పెద్ద చర్చి ఉంది. స్టేషన్లోంచి బయటికొస్తే ఎదురుగానే, 157 మీటర్లు. 1248లో మొదలుపెట్టి 1880లో పూర్తి చేసినారు. అమ్మ అది విని, "ఆరు నూర్ల ఏండ్లా! మన కాళాస్తిరి గోపురం కూలి ఏడేండ్లకే మళ్లీ లేపినారే" అంది. నిజమే. కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన గోపురం 2010లో కూలితే 2017కు కొత్తది లేచింది. చర్చి శిఖరానికి 533 మెట్లు, లిఫ్టు లేదు. నాయన మోకాళ్లు నొప్పులని కింద కూర్చున్నాడు. అమ్మకు అరవై ఆరేండ్లు. "అలిపిరి మెట్లు 3,550 ఎక్కినదాన్ని, ఇదొక లెక్కా" అని కొంగు దోపుకుని ఎక్కేసింది. పైకి పోయినాక అలవాటు కొద్దీ గట్టిగా "గోవిందా" అనింది. పలికేవాళ్లు ఎవరూ లేరు. నేను, నా కొడుకు పలికినాం.

అక్కడ నుంచి కిందికి రైన్ నదిని చూస్తూంటే నాకు మన సోషల్ సార్ గుర్తొచ్చినారు. సార్, మీరు బోర్డు మీద యూరప్ పటం గీసి రైన్ నదిని నీలం సుద్దముక్కతో దిద్దించేవారు. ఆల్ప్స్‌లో పుట్టి రోటర్‌డామ్ దగ్గర సముద్రంలో కలుస్తుందని మూడుసార్లు రాయించినారు. రోటర్‌డామ్‌ను నేను ఏదో డ్యాము అనుకునేవాణ్ని. ఆ రేవుకే మన జిల్లా గుజ్జు పోతుందని అప్పుడు మీకూ తెలిసి ఉండదు, నాకూ తెలీదు.

ఇప్పుడు నేను ఎందుకు వాళ్లను పిలిపించినానో చెబుతాను. చూడ్డానికి రమ్మన్నానని మీ అందరితో చెప్పినాను. అది సగమే. నాయనకు డెబ్బై. కోత సీజన్లో రాత్రుళ్లు ఫ్యాక్టరీ ముందు ట్రాక్టరు కాపలా. తోట అమ్మేసి, ఆర్నెల్లు చెల్లెలి దగ్గర తిరుపతిలో, వీసా ఇచ్చినన్ని రోజులు నా దగ్గర ఉంటారని నా ప్లాను. యూరప్ చూపిస్తే మనసు మారుతుందని అనుకున్నాను. రాకముందే ఎకరా ఎంత పలుకుతుందో ఒక మిత్రుడితో కనుక్కున్నాను కూడా. ఆ మిత్రుడు ఈ హాల్లోనే ఉన్నాడు. పేరు చెప్పను, ఇప్పటికే తల దించుకున్నాడు.

స్విట్జర్లాండ్‌లో లౌటర్‌బ్రునెన్ అని ఒక లోయ. అక్కడ నుంచి రైల్లో యుంగ్‌ఫ్రావ్ యోఖ్ అనే మంచు కనుమకు పోతారు. 3,454 మీటర్ల ఎత్తులో స్టేషను. కొండను తొలిచి పదహారేండ్లు కష్టపడి 1912లో పూర్తి చేసిన రైలు. టికెట్టు ఖరీదు చాలా ఎక్కువ. నాయన అడిగితే చెప్పినాను. లెక్క కట్టినాడు. మనిషికి టన్నుకు పైనే.

"టన్ను కాయలు పెట్టి మంచు చూడాల్నా? మీరు పోయిరాండి" అన్నాడు.

స్టేషన్లో అందరూ ఉన్నారు. నా భార్య, పిల్లలు, అమ్మ. నాకు కోపం వచ్చింది. "ఎన్నాళ్లు నాయినా ఈ కాయల లెక్క? ఆ తోట అమ్మేస్తే ఈ లెక్కలుండవు గదా. ఎకరాకు ఎంతొస్తుందో కనుక్కున్నాను" అనేసినాను.

ఆయన నన్ను చూసినాడు. "ఎవుర్ని అడిగి కనుక్కున్నావు?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. రైలొచ్చింది. మేం ఎక్కినాం, ఆయన ఎక్కలేదు. పైన అమ్మ మంచు ముట్టుకుంది, పిల్లలు ఆడుకున్నారు. ఫోటోల్లో నేను నవ్వుతూనే ఉన్నాను. చూసినవాళ్లు "సూపర్ ట్రిప్" అని మెసేజీలు పెట్టినారు.

సాయంత్రం దిగేసరికి ఆయన స్టౌబాఖ్ అనే జలపాతం కింద బెంచీ మీద ఉన్నాడు. దాదాపు 300 మీటర్ల ఎత్తు నుంచి పడుతుంది. మన తలకోన 270 అడుగులు. పక్కన ఒక స్విస్ ముసలాయన. ఇద్దరి మధ్యా అమ్మ తెచ్చిన చెనక్కాయ ఉండల డబ్బా. ఒకరి భాష ఒకరికి రాదు. ఏం మాట్లాడుకున్నారో నాకు ఇప్పటికీ తెలీదు. పచ్చిక కోసుకుంటూ కొండవాలును పాడుపడనీకుండా నిలబెట్టినందుకు అక్కడి రైతుకు ప్రభుత్వం డబ్బిస్తుందని ఎప్పుడో చదివినాను. అది ఆయనకు చెబుదామనుకుని నోరు తెరవలేకపోయినాను.

ఇంటికొచ్చినా మాటల్లేవు. అడిగితే "ఊ" అనేవాడు. ఇంకోటేమంటే, కాయల లెక్క కూడా మానేసినాడు. టీ ఎంత అని అడగడం లేదు. అది నాకు ఆ లెక్క కంటే కష్టంగా అనిపించింది. రాత్రి అమ్మ రాగి సంగటి కలుపుతూ, "నువ్వు అమ్మమనింది గాదురా ఆయనకు. ఆయన్ను అడక్కుండా ఊర్లో అడిగినావు చూడు, అది" అంది.

క్షమాపణ అడగడం మన ఇండ్లలో అలవాటు లేదు. అందుకని ఒక రోజు సెలవు పెట్టి, తెల్లవారుజామున లేపి, "నాయినా, ఒక మండీ చూద్దాం పా" అన్నాను. మండీ అనేసరికి లేచినాడు.

మా ఊరి పక్కనే ఆల్స్‌మీర్. ప్రపంచంలోకెల్లా పెద్ద పూల వేలం అక్కడే. పై నుంచి చూడ్డానికి పొడుగైన వంతెన మాదిరి దారి ఉంటుంది. కింద పూల బండ్లు, కనుచూపు మేర. మన దామలచెరువు మండీలో సీజను రోజులు గుర్తు తెచ్చుకోండి. అన్ని బండ్లు, అంత హడావిడి, అరుపులు మాత్రం ఉండవు. వేలం పద్ధతి మనకు తిరగేసి ఉంటుంది. మన దగ్గర తక్కువతో మొదలై పైకి పోతుంది. అక్కడ గడియారం లాంటి దాని మీద ఎక్కువ ధరతో మొదలై కిందికి దిగుతూ వస్తుంది. ఎవరు ముందు మీట నొక్కితే వాళ్లది. ఇంకా తగ్గుతుందని ఆశపడి ఆగితే సరుకు పక్కవాడు కొట్టుకుపోతాడు. ఇప్పుడు కొనేవాళ్లు కంప్యూటర్ల ముందు కూర్చుని ఎక్కణ్నుంచో నొక్కుతున్నారు. ఈ దేశంలో కూరగాయల వేలం 1887లో ఒక క్యాలీఫ్లవర్ రైతుతో మొదలైంది. ఈ పూల మండీ మాత్రం పూల రైతులదే, సహకార సంఘం. వందేండ్లకు పైనే అయింది.

నాయన రెండు గంటలు కదల్లేదు. ప్రశ్న మీద ప్రశ్న. కమీషను ఎంత? డబ్బు ఎన్నాళ్లకిస్తారు? అమ్ముడుపోని పూలు ఏం చేస్తారు? నాకు తెలిసినవి చెప్పినాను, తెలీనివి అక్కడి వాళ్లను అడిగి చెప్పినాను. చివరికి, "అయితే రైతే మండీ ఓనరు" అన్నాడు. కాసేపాగి, "మనకూ చిత్తూర్లో పాల డెయిరీ ఉండె గదా" అన్నాడు. ఆ మాట అక్కడే ఆపేసినాడు.

మర్నాడు ఆయనే అడిగినాడు, గుజ్జు దిగే రేవు చూపిస్తావా అని. రోటర్‌డామ్ యూరప్‌లో అన్నింటికంటే పెద్ద రేవు, నలభై కిలోమీటర్లకు పైగా పొడవు. మనల్ని గేట్ల లోపలికి రానివ్వరు గానీ పడవలో తిప్పి చూపిస్తారు. కంటైనర్లు ఇండ్లకంటే ఎత్తుగా పేర్చి ఉంటాయి. వాటిలో ఏది మన చెన్నై నుంచి వచ్చిందో ఎవరికి తెలుసు? ఆయన మాత్రం అన్నింటినీ వెతికినట్టే చూసినాడు. 2023 చివర నుంచి ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు జరుగుతున్నాయని, చాలా ఓడలు సూయజ్ కాలువ వదిలేసి ఆఫ్రికా చుట్టూ తిరిగి వస్తున్నాయని, పది రోజులకు పైనే ఆలస్యమని, కిరాయి పెరుగుతుందని చెప్పినాను. సోషల్ సార్, 1869లో సూయజ్ తెరిచినాక ఆ చుట్టుదారి అవసరం తీరిందని మీరు చెప్పినారు. మళ్లీ వాస్కోడిగామా దారే పట్టినారు సార్.

"ఆ కిరాయి ఎవురి నెత్తిన పడతాదో నాకు తెలుసులే" అన్నాడు నాయన.

వచ్చే దారిలో సూపర్‌మార్కెట్లో మామిడి రసం డబ్బా ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. దాని మీద ఏ దేశపు కాయో రాయలేదు. ఎంత అని అడిగినాడు. చెప్పినాను. "ఎన్ని కిలోలు?" అన్నాను నేనే. లెక్క కట్టినాడు. మళ్లీ మొదలైందని అమ్మ నా భార్య వైపు చూసి నవ్వింది.

వీసా ఇంకా యాభై రోజులుంది. మే చివర కోతకు టైమవుతుందని బయలుదేరినారు. స్కిపోల్ ఎయిర్‌పోర్టులో ఈసారి వీల్‌చైర్‌లో తానే కూర్చున్నాడు, మోకాళ్లు పట్టేసినాయని. కూర్చున్నాక, "అమ్మేది నేనుండంగ వద్దు. నా తర్వాత నీ ఇష్టం. అడిగి చెయ్యి" అన్నాడు. అంతే.

కిందటి సీజను ఎట్లా పోయిందో ఇక్కడున్న వాళ్లకు నేను చెప్పాలా? అంతకు ముందేటి గుజ్జు నిల్వలు ఉండిపోయినాయి, ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్ల బారులు. ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, కలిపి కిలోకు 12 అని ప్రకటించినారు. పదిహేను లెక్కతో యూరప్ తిరిగిన మనిషికి పన్నెండు. ఆయన మూడు రాత్రులు ట్రాక్టరు పైనే పడుకున్నాడు. నేను ఆమ్‌స్టెల్‌వీన్‌లో వీడియో కాల్‌లో ఆ లైను చూసినాను. తోతాపురి వాసన ఫోన్లోకి రాదు గానీ, నాకు వచ్చినట్టే ఉండింది. ఆయన ఫోను తిప్పి చూపిస్తూ, "ఇదిరా మన గడియారం. మన దగ్గర గూడ పైనుంచి కిందికే దిగుతాది" అన్నాడు.

వానలకు ఆయన పన్నెండు చెట్ల కొమ్మలు నరికి, కొత్త చిగుళ్లకు ఇమాం పసంద్ అంటు కట్టించినాడు. ఎనిమిది పట్టినాయి. మిగతా తోతాపురి అట్లే ఉంది. నరకమని నేనూ చెప్పలేదు, ఉంచమనీ చెప్పలేదు. ఇమాం పసంద్ పండు యూరప్‌కు పంపాలంటే ఆ సర్టిఫికెట్టు ఎవరిస్తారో కనుక్కోమని నాకు పని పెట్టినాడు. కనుక్కుంటున్నాను. ఈసారి ఆయన్ను అడిగే.

ఈ ఏడాది జూన్‌లో నేను మూడు వారాలు సెలవు పెట్టుకున్నాను. మా ఆఫీసులో ఎక్కడికి అని అడిగితే, నాయనతో టూరు అని చెప్పినాను. నిన్న రాత్రి ఆ మాట ఆయనకు చెబితే, ఒకటే అడిగినాడు.

"ట్రాక్టరు పైన పడుకుంటావా? నీకు నడుం నొప్పి గదా."

సార్, ఆయన లేచి నిలబడుతున్నాడు. ఏదో దిద్దాలేమో. మైకు ఆయనకిస్తాను.